దగ్గర కొలిచి దూరమును చెప్పుట

ఏరియల్ అన్ని దిక్కులకును సమముగా శక్తిని వెదజల్లునని పలువురు భావింతురు. వాస్తవమట్లు కాదు. అది ఒక దిక్కున హెచ్చుగను, మరియొక దిక్కున తక్కువగను ప్రసరించును. ఏ దిక్కున ఎంత యని తెలుపు పటమును ప్రసరణ చిత్రమందుము.

ఈ చిత్రమును ముందుగా ఎరుగనిచో ఎంత నష్టమో ఉపగ్రహముల విషయమున స్పష్టమగును. సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తుననున్న ఉపగ్రహపు ఏరియల్ ఒక్క డిగ్రీ ప్రక్కకు తిరిగినను, దాని కిరణము నేలపై 600 కిలోమీటర్లకు మించి తొలగును. హైదరాబాదునకు గురిపెట్టినది బొంబాయి చేరినట్లే! పంపిన పిమ్మట అక్కడకు పోయి సరిదిద్దుట అలవికాని పని. కావున నేలమీదనే పరీక్షింపవలెను.

కాని అందొక చిక్కు కలదు. ఏరియల్ చెంత అలలింకను కుదురుకొనవు. ప్రసరణ చిత్రము దూరమున గాని స్థిరపడదు. వ్యాసమును వర్గము చేసి, రెట్టించి, అల పొడవుచే భాగించిన ఆ దూరము తెలియును. 3 మీటర్ల ఏరియల్, 3 సెంటీమీటర్ల అల యైనచో, 600 మీటర్లు! అంత మైదానమున నేల నుండియు, చెట్ల నుండియు మరలివచ్చు అలలు కొలతను చెరచును.

దీనికి మార్గమును చూపిన సూత్రము మిక్కిలి పాతది. అల యందలి ప్రతి బిందువును కొత్త అలలకు పుట్టినిల్లని డచ్చి శాస్త్రజ్ఞుడు హైగెన్స్ 1690లో ప్రకటించెను. అట్లైనచో ఏరియల్ యెదుట ఒక ఊహాఫలకముపై గల అలలనెరిగిన, అవి దూరమున ఎట్లు కూడునో గణింపవచ్చును.

అందులకై, అలలను పీల్చుకొను గోడలు గల గదిలో చిన్న పరీక్షా ఏరియల్‌ను ఆ ఫలకముపై వరుసగా నడిపింతురు. అర అల పొడవునకు మించని యెడముతో ప్రతిచోట కొలతురు. 4 మీటర్ల చదరమున ఇవి సుమారు 70,000 కొలతలగును.

బలమును మాత్రమే కొలిచిన చాలదు. చెరువులో రెండు రాళ్లు వేసి చూడుడు. అల శిఖరము శిఖరముతో కలిసిన నీరు హెచ్చుగా లేచును. పల్లముతో కలిసిన అణగిపోవును. కావున ప్రతిచోట అల శిఖరమున నున్నదా, పల్లమున నున్నదా యని తెలుపు దశను కూడ గుర్తింపవలెను. పిదప ఫూరియే గణితముచే ఒక్కొక్క దిక్కునకు మొత్తమును కట్టి, పరీక్షా ఏరియల్ స్వభావము వలన గలిగిన భేదమును తీసివేయుదురు.

సమతల ఫలకము ఎదుటి దిక్కులనే తెలుపును. చుట్టును తెలియవలెనన్న ఏరియల్ చుట్టు గోళాకారముగ కొలువవలెను. ఇట్లు 600 మీటర్ల మైదానపు పని ఒక్క గదిలో నెరవేరుచున్నది.