దూదిలో దాగిన నిప్పు

పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమున వేసవిలో నిప్పు రేగినచో ముందుగా బలియగునవి గడ్డివామి, కొట్టము, దూది. ఆదోనిలో పత్తి గింజ తీసి బేళ్ళుగా బిగించు మిల్లులు పెక్కు కలవు. ఎమ్మిగనూరు మగ్గములకు పేరుపొందినది. పత్తికొండకు పేరులోనే పత్తి యున్నది. అట్టి సీమలో అగ్నిమాపక దళమున కొత్తగా చేరిన యువకుడు ఏమేమి నేర్వవలయునో నేడు కొంత ముచ్చటింతము.

నీళ్ళు చల్లుటకు శిక్షణ యేల యని కొందరు అడుగుదురు. అరువది మూడు మిల్లీమీటర్ల వెడల్పు, పదునైదు మీటర్ల పొడవు గల గొట్టము నీటితో నిండినప్పుడు అందలి నీటి బరువే దాదాపు 47 కిలోలు. పైగా కొసనుండి నీరు వెడలు వేగమునకు గొట్టము పట్టినవానిని వెనుకకు నెట్టును. కావున గొట్టము పరచుట, అతుకుట, ఇద్దరు ముగ్గురు కలిసి దానిని మోయుట దినదినము సాధన చేయింతురు. నిచ్చెన నిలుపుట, స్పృహ తప్పినవానిని భుజముపై మోయుట, ముడులు వేయుట కూడ ఇట్లే. ముడి చిన్న విషయముగా తోచును. ఒక మనిషిని మేడపైనుండి త్రాటితో దింపునప్పుడు గాని దాని విలువ తెలియదు. చీకటిలోను, పొగలోను చేతులు వాటంతట అవే ఆ ముడిని వేయగలుగవలెను.

ఇక నీటి సంగతి. 1827లో పత్తికొండలో కలరాతో మరణించిన సర్ థామస్ మన్రో స్మృతిచిహ్నముగా ప్రభుత్వము ఆ యూర బావి కట్టించి, చెట్లు నాటించెను. బావి ఉన్నంతమాత్రమున ఫైరింజనుకు నీరు దొరకినట్లు కాదు. పైన నిలిచిన పంపు నీటిని లాగుచున్నదని మనము అందుము గాని, నిజమునకు గొట్టములోని గాలిని అది తీసివేయగా, బయటి గాలి ఒత్తిడియే నీటిని పైకి నెట్టును. ఆ ఒత్తిడి ఎంత చేసినను పది మీటర్లకు కొంచెము మించి నీటిని లేపజాలదు; ఆచరణలో ఏడెనిమిది మీటర్లే. వేసవిలో నీరు పాతాళమునకు దిగిన మెట్టసీమ బావి ప్రక్కన ఇంజను నిలిపి ఎంత త్రిప్పినను ప్రయోజనము లేదు. కనుకనే తన పరిసరములలో ఏ చెరువున, ఏ కాలువలో, ఏ తొట్టిలో నీరున్నదో ముందుగా తిరిగి చూచుకొనుట ఫైర్‌మన్ విద్యలో భాగము. ఇది మాకు అన్నిటికన్న ముఖ్యముగా తోచును.

దూది కథ వేరు. యంత్రములో రాయియో, ఇనుపముక్కయో తగిలి లేచిన నిప్పురవ్వ దూదితోబాటు బేలులో బిగిసిపోవచ్చును. అది మంట లేక, లోలోపల రోజుల తరబడి రాజుకొనును. పచ్చి దూదికి సహజముగా మైనపు పూత యుండుటచే నీరు పైపైననే జారిపోవును. సబ్బువంటి ద్రవము కలిపిననే లోనికి ఇంకును. విడిదూదిపై బలమైన ధార కొట్టినచో రగులుచున్న పింజలు ఎగిరి నలుదెసల అంటుకొనును. అందుచే తుంపరగా చల్లవలెను. గోదాములోనే బేలు కట్లు తెంచరాదు. గాలి సోకి భగ్గుమనును. బయటికి చేర్చి, ఆరుబయట విప్పి తడపవలెను. తడిసిన దూది ఉబ్బి, బరువెక్కి గోడలను నెట్టునని కూడ ఎరుగవలెను.

ఈ పాఠము ఎంత వెలపెట్టి కొన్నదో చూడుడు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టైకిన్ అను ఓడలో దూది బేళ్ళు, ప్రేలుడు పదార్థములు రెండును ఉండెను. దూది అంటుకొనెను. తొమ్మిదివందల టన్నులకు పైగా నీరు పోసినను, దట్టమైన పొగలో నిప్పు ఎచ్చటనున్నదో కానరాలేదు. సాయంకాలము నాలుగు దాటగానే ఓడ ప్రేలెను. నిప్పు నార్పబోయిన 66 మంది ఫైర్‌మన్లు అసువులు బాసిరి. నేటికిని ఏప్రిల్ 14 మొదలు దేశమంతట అగ్నిమాపక వారోత్సవములు జరుగుట వారి స్మరణకే. 1956లో రాంపూరులో నెలకొని, మరుసటి ఏట నాగపూరునకు తరలిన జాతీయ అగ్నిమాపక కళాశాల ఈ శాఖ అధికారులను తీర్చిదిద్దుచున్నది.

పొగ నిండిన గదిలో ప్రాకుచు పోవలెను. నేలకు చేరువనే గాలి కొంత చల్లగా, తేటగా నుండును. శ్వాసయంత్రము ధరించినను ఒంటరిగా లోపలికి పోరాదు. ఈ మొదటి మాట మన యిండ్లలోని పిల్లలకును చెప్పవచ్చును. 101కి ఫోను చేయునప్పుడు ఊరి పేరు, వీధి గురుతు, కాలుచున్నది గడ్డియా, దూదియా, గ్యాసు సిలిండరు ఉన్న ఇల్లా అనునది, దగ్గరలో నీరు ఎచ్చట గలదనునది చెప్పుడు. అవతలివారు అడుగవలసినవి అన్నియు అడుగువరకు ఫోను పెట్టివేయకుడు.