పదుగురు అల్లిన దుప్పటి

చలికాలపు రాత్రి ఒక దుప్పటి విలువ ఎంతటిదో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. చింతపల్లి మన్యంలోని లంబసింగిలోనూ, ఆదిలాబాదు అడవి పల్లెలలోనూ తెల్లవారుజామున నెగడు చుట్టూ చేరే కుటుంబాలకు అది అనుభవైకవేద్యం. అంగడిలో కొన్న దుప్పటిని దానమివ్వడం మనకు చిరపరిచితమే. ఊలు కొని, రోజుల తరబడి తమ చేతులతోనే అల్లి, ముఖమెరుగని వారికి పంపే మరొక పద్ధతి కూడా ఉన్నది. ఈ పద్ధతికి ఒక దక్షిణాఫ్రికా కథ, ఒక మదరాసు కథ ఉన్నాయి. మన గోదావరి తీరంతో చుట్టరికమూ ఉన్నది.

నెల్సన్ మండేలా జన్మదినమైన జులై 18ని అంతర్జాతీయ దినంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి 2009లో తీర్మానించినది. ఆయన ప్రజాసేవలో గడిపిన 67 సంవత్సరాలకు గుర్తుగా ఆనాడు ప్రతివారూ 67 నిమిషాలు పరులకోసం వెచ్చించాలన్నది అక్కడి సంకల్పం. 2013 చివరలో, మండేలా వద్ద ఏళ్ల తరబడి ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసిన జెల్డా లా గ్రాంజ్, తన స్నేహితురాలు కరోలిన్ స్టెయిన్‌ను 67 దుప్పట్లు చేయగలవా అని సవాలు చేశారు. ఒప్పుకొన్న స్టెయిన్‌కు ఒంటి చేతి మీద అది సాధ్యం కాదని త్వరలోనే బోధపడినది. స్నేహితులను అడిగారు, వారు తమ స్నేహితులను అడిగారు. అరవై ఏడు వేలకు వేలు అయినవి. కారాగారాలలోని ఖైదీలు సైతం క్రోషియా నేర్చి ముక్కలు అల్లారు. దక్షిణార్ధ గోళంలో జులై మాసం నిండు చలికాలం. పంపకానికి ఎంచుకున్న దినం అవసరానికి సరిగ్గా అమరినది.

వారు 2015 ఏప్రిల్‌లో ప్రిటోరియా నగరంలోని ప్రభుత్వ భవన ప్రాంగణంలో తమ దుప్పట్లన్నింటినీ కలిపి పరచి ప్రపంచ రికార్డు స్థాపించారు. ఆ వార్త చెన్నైలో ఒక గృహిణిని కదిలించినది. సుభశ్రీ నటరాజన్ అనే ఆమె దేశం నలుమూలల నుండి, విదేశాల నుండి వందలాది మహిళలను కూడగట్టారు. 40 అంగుళాల పొడవు, అంతే వెడల్పు గల ముక్కను ఎవరి ఇంట వారు అల్లి పంపాలన్నది ఏర్పాటు. 2016 జనవరి 31న చెన్నైలో ఆ ముక్కలన్నింటినీ జతచేసి పరచగా వైశాల్యం 11,148.5 చదరపు మీటర్లు తేలినది. రైతు లెక్కలో చెప్పాలంటే రెండు ముప్పావు ఎకరాల దుప్పటి! కొలత ముగిసిన పిమ్మట దానిని విడదీసి దుప్పట్లుగా పేదలకు పంచాలన్నది మొదటినుండీ ఉన్న ఉద్దేశం. అదే సంవత్సరంలో దక్షిణాఫ్రికా వారు అంతకు మించినది పరచి రికార్డును తిరిగి తీసుకున్నారు.

రికార్డుల పోటీ ఉత్సాహాన్నిచ్చేదే, కాదనలేము. కానీ ఎకరాల దుప్పటి విప్పి ముక్కలు చేసేవరకు ఒక్క ప్రాణినైనా కప్పదు. చెన్నై మహిళల ఆలోచనలో ఈ రచయితకు నచ్చినది ఆ 40 అంగుళాల కొలతే. ముక్క విడిగా ఉంటే పసిబిడ్డకు సరిపోతుంది, నాలుగు కలిపితే పెద్దవారికి చాలుతుంది. ఎవరూ ఎవరికోసమూ ఆగనక్కరలేదు. ఒకరు మానుకున్నా పని చెడదు.

ఇక ఖర్చు మాట. ఇంతటి ముక్కకు, ఊలు లావును బట్టి, సుమారు అరకిలో పడుతుందనుకోవచ్చు. చెన్నై దుప్పటిలో వైశాల్యాన్ని బట్టి చూస్తే అటువంటి ముక్కలు పదివేలకు పైమాటే. అంటే అయిదు టన్నులకు తగ్గని సరుకు. అలవాటుపడిన చేయి రోజుకు రెండు గంటలు కూర్చుంటే ఒక ముక్కకు రెండు వారాలు పట్టవచ్చు. మిల్లు దుప్పటి ఇంతకంటె చౌకగా వస్తుందని వ్యాపారులు అంటారు, అది నిజమే. కావున అల్లిక దానాన్ని పొదుపు మార్గమని ఎవరూ భ్రమపడరాదు. మహిళా సంఘాల సభ్యులు ఇటువంటి పని తలపెడితే దానికి వేరుగా చందా పోగుచేసుకోవాలే గాని, ఉత్పత్తి కోసం తీసుకున్న ఋణంలోంచి ఊలు కొనరాదు.

ఏ ఊలు కొనాలన్నది అన్నింటికంటె ముఖ్యం. దాతలు సాధారణంగా ఆక్రిలిక్ వైపు మొగ్గుతారు. అది చౌక, రంగులు అనేకం, ఎంత ఉతికినా ముడుచుకోదు. నగరంలోని వృద్ధాశ్రమానికి అది చక్కగా సరిపోతుంది. నెగడు పక్కన, కుంపటి పక్కన పడుకునే ఇంటికి మాత్రం అది ప్రమాదకరం. నిప్పురవ్వ పడితే ఆక్రిలిక్ కరిగి, మండుతూ చర్మానికి అంటుకుంటుంది. గొర్రె ఊలు సులభంగా అంటుకోదు, అంటుకున్నా త్వరగానే ఆరిపోతుంది. వేడినీట ఉతికితే గట్టిపడి కుంచించుకుపోవడం దాని లోపం. నూలు దుప్పటి నిప్పు తగిలితే కరగదు, కానీ మండుతుంది. పైగా తడిస్తే బరువెక్కి, మంచుకాలంలో ఆరడానికి ఆలస్యం చేస్తుంది. దక్కను పీఠభూమిలో కురుమలు నేసిన గొంగళి ఈ చిక్కులనన్నింటినీ ఏనాడో దాటినది. నల్ల ఊలు వడికి, గుంటమగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించిన ఆ గొంగళి చలికీ వానకూ ఆగుతుంది. మాంసానికి అనువైన జాతులు పెరిగి, ఊలు గొర్రెలు తగ్గి, ఉన్న ఊలుకు కూడా కొనేవారు కరవై నేతగాళ్లు ఇబ్బంది పడ్డారు. ఆక్రిలిక్ ఉండల కోసం వసూలు చేసిన చందాలో కొంత గొంగళ్లకు మళ్లితే మన్యపు ఇంటికీ కురుమ ఇంటికీ మేలు కలుగుతుంది. అల్లేవారి సంతోషం కొంత తగ్గవచ్చు గాక!

పసిబిడ్డలకు అల్లేవారు అందమైన పెద్ద కన్నాల అల్లికను మానాలి. చిన్నారి వేళ్లు అందులో చిక్కుకుంటాయి. కుచ్చులు, పూసలు వద్దు. తక్కువ బరువుతో పుట్టిన శిశువుకు తల్లి ఎద మీది వెచ్చదనమే మొదటి దుప్పటి. అల్లినది ఆ ఇద్దరి మీద కప్పడానికి పనికివస్తుంది. తలకు ఒక టోపీ కూడా అల్లి ఇస్తే మరీ మంచిది.

నరసాపురం ప్రాంతంలో ఈ కొక్కెం సూదే అన్నం పెడుతున్నది. పంతొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ స్త్రీలు నేర్పిన లేసు అల్లిక గోదావరి డెల్టా పల్లెలలో ఇంటింటి పని అయి, విదేశాలకు ఎగుమతి అయినది. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఆ స్త్రీలపై గ్రంథం వెలువరించారు. రోజంతా కష్టపడే వారిని కార్మికులుగా గాక, తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా లెక్కించడం వల్లనే కూలి అంత తక్కువగా నిలిచినదని ఆమె వాదించారు. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది.

ఒకే సూది ఒకరికి వినోదం, మరొకరికి జీవనం. దానమిచ్చేవారు తమ తీరికను ఉచితంగా ఇవ్వడం ఉదారమే. కానీ వర్తకుడు దానిని చూపి, ఇది తీరిక పనే కదా అని లేసు అల్లేవారి కూలి తగ్గించబూనితే అది అన్యాయం. దుప్పట్ల పంపకానికి లేసు పల్లె స్త్రీల సాయం కోరే సంఘాలు కనీసం వారి గంటలకు తగిన కూలి కట్టి ఇవ్వాలి. వారు వద్దంటే అది వారి దానం అవుతుంది, అడిగినవారిది కాదు.

ఊలు దుకాణదారులకు ఒక మాట. ఉండ చీటీ మీద రంగు సంఖ్యతో పాటు అద్దకపు విడత సంఖ్య కూడా ఉంటుంది. విడత మారితే అదే ఎరుపు వేరుగా కనబడుతుంది. సంఘానికి కావలసినదంతా ఒకే విడత నుండి కట్టి ఇచ్చి, చీటీ విప్పని ఉండలను తిరిగి తీసుకునే ఏర్పాటు చేస్తే బేరం నిలుస్తుంది. అల్లినవారు ఆ చీటీని పారవేయక దాచుకోవాలి. దుప్పటి పంపే ముందు ఒకసారి ఉతికి ఎండలో ఆరవేసి, ఏ ఊలో, ఏ నీట ఉతకాలో, నిప్పుకు ఎంత దూరంగా ఉంచాలో తెలుగులో వ్రాసిన చిన్న గుడ్డ ముక్కను మూలన కుట్టాలి.