మాంసము, మేదస్సు: మాంసకృత్తుల పరిమాణము



మన వైద్యశాస్త్రము దేహమునందలి ధాతువులు ఏడని చెప్పి, వానిలో మాంసమును వేరుగను మేదస్సును వేరుగను లెక్కించినది. త్రాసునకు ఈ భేదము తెలియదు. నాలుగు కిలోలు తగ్గితినని సంతసించువాడు, తగ్గినది కొవ్వో కండయో విచారింపడు.

పల్లెలయందు నేను పలుమారు చూచునది యిది. మధుమేహము వచ్చినది, బరువు తగ్గుమని వైద్యుడు చెప్పినంతనే పెద్దలు రాత్రిభోజనము మానుదురు. పగలు పచ్చడి మెతుకులు, చారు, పలుచని మజ్జిగతో ముగింతురు. ఆరు నెలలకు బరువు తగ్గును. దానితోపాటు పీటమీదనుండి లేచు శక్తియు తగ్గును. ఆహారము చాలనప్పుడు దేహము కొవ్వునే కాక కండనుగూడ కరగించుకొనును. ముదిమిలో పోయిన కండ తిరిగి వచ్చుట కష్టము. తొడలలో బలము లేనివాడు జారిపడినచో తుంటి విరుగుటయు కలదు.

దీనిని నివారించునవి రెండు: మాంసకృత్తు, వ్యాయామము. మాంసకృత్తనగనే మాంసాహారమని తలచి శాకాహారులు కొందరు చెవులు మూసికొందురు. మాంసమును చేయునది యనియే ఆ పదమునకు వ్యుత్పత్తి. కందిపప్పునందును పెరుగునందును అది కలదు.

ఎంత కావలెను? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కనుబట్టి, ఆరోగ్యవంతునకు దినమునకు బరువులో కిలో ఒక్కింటికి 0.83 గ్రాములు. అనగా 60 కిలోల మనుష్యునకు సుమారు 50 గ్రాములు. ముదిమిలో కండ ఈ ద్రవ్యమును మందముగా గ్రహించును. కావున వృద్ధులకు కిలోకు 1 మొదలు 1.2 గ్రాముల వరకు కావలెనని 2013లో పలుదేశముల నిపుణులు నిర్ణయించిరి. బరువులెత్తి కండ పెంచువారి విషయమున 49 పరిశోధనలను కలిపి చూచి 2018లో ప్రకటించిన ఫలితమేమనగా, సుమారు 1.6 గ్రాములు దాటిన పిమ్మట సగటున అధికలాభము లేదు. మనుమలు డబ్బాలలోని పొడులకై వేలు ధారపోయుట నాకు రుచింపదు.

కొవ్వు తగ్గించుకొనువారి మాట వేరు. తిండి తగ్గినకొలది అందులో మాంసకృత్తు పాలు పెరుగవలెను. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారు 40 మంది యువకులకు నాలుగు వారములు ఆహారము బాగుగా తగ్గించి, కఠినవ్యాయామము చేయించి, 2016లో ఫలితమును ప్రకటించిరి. కిలోకు 2.4 గ్రాములు తిన్నవారికి 4.8 కిలోల కొవ్వు పోయి, కొవ్వు కాని దేహభాగము 1.2 కిలోలు పెరిగెను. 1.2 గ్రాములు తిన్నవారికి 3.5 కిలోల కొవ్వు పోయెను. కండ ఇంచుమించు ఉన్నంతయే నిలిచెను. పెద్దలకు అంత అక్కరలేదు గాని, మార్గము అదియే.

ఇక విస్తరిని చూతము. 60 కిలోల మనిషి దినమునకు బియ్యము 200 గ్రాములకు తగ్గించినచో 16 గ్రాముల మాంసకృత్తు వచ్చును. కందిపప్పు 100 గ్రాములకు 22, మీగడ తీసిన పాలో పెరుగో అరలీటరుకు 16, పిడికెడు వేరుసెనగలకు 7; మొత్తము 61. గ్రుడ్డు తినువారికి ఒక్కొక్కదానికి 6. బియ్యమున కొరతపడు అంశమును పప్పు పూరించును, పప్పున కొరతపడుదానిని బియ్యము పూరించును; కనుక మన పప్పన్నము తక్కువదని యెవరైన నన్నచో నమ్మకుడు. అయితే పప్పుకట్టుతో కాచిన చారు పప్పుకు బదులు కాజాలదు. దీనినంతయు ఒక్కపూటనే తినక, మూడుపూటలకు పంచుకొనవలెను.

శ్రమ లేనిదే తిన్నది కండగా నిలువదు. 1990లో బోస్టనునందు సగటున 90 యేండ్ల వయస్సుగల పదిమంది తొడలకు బరువులతో వ్యాయామము చేయ బూనగా, ఎనిమిది వారములకు వారి బలము సగటున 174 శాతము పెరిగెను. ఇంట బరువులు లేనివారు చేతుల యూత లేక కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చుండుటతో ఆరంభింపవచ్చును.

మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని యడుగక మాంసకృత్తును పెంచరాదు. చిరకాలముగా మధుమేహము గలవారికి ఆ వ్యాధి నొప్పి లేకయే పొంచియుండును. కావున వారు ముందుగా రక్తములో క్రియాటినిన్ పరీక్షయు, మూత్రపరీక్షయు చేయించుకొనవలెను.