చిన్న నోటికి తగిన ఆహారము: సముద్రపు చేపపిల్లలను ఇంట పెంచు విధము

మన కోటబొమ్మాళి సముద్రపుటొడ్డున లేదు. అయినను సముద్రము మనకు మిక్కిలి దూరమును కాదు. టెక్కలి మీదుగా తూర్పునకు పోయినచో నౌపడ ఉప్పుమళ్లును, వాని కావల భావనపాడు తీరమును కనబడును. మంచినీటి చేపలను గాజుతొట్టిలో పెంచువారు మనలో కొందరు కలరు. సముద్రపు చేపలను గూడ అట్లే పెంచి, పిల్లలు చేయింపవచ్చునా యని విద్యార్థులు మమ్ము అడుగుచుందురు. చేయింపవచ్చును. కాని కష్టము గ్రుడ్లు పెట్టించుటలో లేదు. పుట్టిన పిల్లల కడుపు నింపుటలో నున్నది. ఈ వ్యాసమున ఆ సంగతియే వివరింపదలచితిమి.

గాజుతొట్టెలలో కానవచ్చు సముద్రపు చేపలలో పెక్కు పగడపు దిబ్బల నుండి పట్టి తెచ్చినవే. మన దేశమున అట్టి దిబ్బలు మన్నారు సింధుశాఖ యందును, లక్షద్వీపములందును, అండమాను ద్వీపములందును కలవు. కొన్ని దేశములలో చేపలను మత్తెక్కించి పట్టుటకై నీటిలో విషము కలుపుదురు. దానిచే పగడములును చచ్చును. ఇంట పుట్టిన ప్రతి చేపపిల్లయు సముద్రము నుండి తేవలసిన ఒక చేపను తగ్గించును. అమెరికాలోని ఫ్లోరిడా యందు మార్టిన్ మో అను నతడు 1970ల దశకమున క్లౌన్ చేపలను తొట్టెలలో పుట్టించి విక్రయించెను. 1947లో స్థాపింపబడిన మన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు మండపము, విళింజము కేంద్రములలో ఇదే పనిని సాధించిరి.

క్లౌన్ చేప నారింజ రంగుదై, తెల్లని పట్టెలు కలిగి యుండును. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ చలనచిత్రము చూచినవారు దీని నెరుగుదురు. ఈ జాతిలో మొదట ఆడుచేపగా పుట్టునది లేదు. జంటలో పెద్దది ఆడుదగును. అది చనిపోయినచో మగచేపయే ఆడుదిగా మారును. కావున రెండు చిన్నవానిని కలిపి పెంచినచో కాలక్రమమున జంట యేర్పడును. సముద్రమున ఎనిమోను అను పువ్వువంటి జంతువు నాశ్రయించి బ్రదుకును గాని, తొట్టిలో దాని అవసరము లేదు. ఒక బంగాళాపెంకు ఏటవాలుగా పెట్టిన చాలును. దానిపై కొన్ని వందల గ్రుడ్లు పెట్టును. తండ్రి రెక్కలతో వానికి నీరు విసరుచు, చెడిన గ్రుడ్లను ఏరివేయుచు కాపాడును.

నీటిని ఏటి ముఖమునకు దూరముగా తేవలెను. వానల వెనుక వంశధార నీరు కలియుటచే తీరమున ఉప్పు తగ్గును. తెచ్చిన నీటిని సన్నని వస్త్రమున వడబోసి, కొన్ని దినములు చీకటిలో నిలువ యుంచవలెను. తొట్టినీరు ఎండినప్పుడు మరల సముద్రపు నీరు పోయరాదు, మంచినీరే పోయవలెను. ఏలయన నీరు ఆవిరియగును గాని ఉప్పు పోదు. నౌపడలో ఉప్పు పండించుటయు ఈ సూత్రము వలననే.

గ్రుడ్లు పెట్టిన ఏడెనిమిది దినములకు, దీపము లార్పిన గంట రెండు గంటలలో, పిల్లలు వెలువడును. అవి వెలుగు నొద్దకు చేరును గనుక చిన్న దీపము చూపి, వలతో గాక గిన్నెతో నీటితో కూడ ముంచి, వేరొక తొట్టిలోనికి మార్చవలెను. మొదటిమారు మేము ఇంతవరకు సరిగనే చేసితిమి. కాని ఆహారము సిద్ధపరచుకొనలేదు. ఉడికిన గ్రుడ్డు పచ్చసొనను మెదిపి వేసితిమి. పిల్లలు దానిని ముట్టలేదు. అది అడుగున క్రుళ్లి నీటిని పాడుచేసెను. మూడవ నాటికి ఒక్కటియు మిగులలేదు. సమృద్ధిగా ఆహారము వేసియు వానిని ఆకలితో చంపితిమని తరువాత తెలిసికొంటిమి.

కారణ మిది: ఆ పిల్ల నాలుగు మిల్లీమీటర్లకు మించదు, దాని నోరు అంతకంటె ఎంతో చిన్నది. మరియు కదలునదానినే అది ఆహారముగా గుర్తించును. ఈ రెండు గుణములును గలవి రోటిఫరులు. ఇవి మిల్లీమీటరులో పదియవ వంతు మొదలు మూడు వంతుల వరకు ఉండు జీవులు. సముద్రపు సూక్ష్మమైన పాచితో ఆకుపచ్చనైన నీటిలో వీనిని పెంచవలెను. ఆ పాచిలోని సారమే రోటిఫరుల ద్వారా పిల్లలకు చేరును. పిల్లల తొట్టిలో ప్రతి మిల్లీలీటరు నీటికి పది రోటిఫరు లుండునట్లు చూడవలెను. చుక్కలు వేయు గొట్టముతో ఒక మిల్లీలీటరు తీసి భూతద్దముతో లెక్కింపవచ్చును. గ్రుడ్లు కనబడిన నాడు గాక, అంతకు ముందే రోటిఫరుల పెంపకము సాగుచుండవలెను.

ఆరేడు దినముల తరువాత నోరు పెద్దదగును. అప్పుడు ఆర్టీమియా అను ఉప్పునీటి రొయ్యపిల్లలను ఈయవచ్చును. ఇది చేపలు బ్రదుకజాలని ఉప్పు సరస్సులందును, తూత్తుకుడి వంటి చోట్ల ఉప్పుమళ్లలోను పెరుగును. దీని గ్రుడ్లు ఎండి, ఏండ్ల తరబడి నిలువ యుండును. లీటరు నీటిలో ముప్పది గ్రాముల ఉప్పు కలిపి, గాలి పంపుతో కదలించుచు, వెలుగున ఉంచినచో ఒక దినమున పిల్లలు వెలువడును. వీనిని చేపలకు మేపవచ్చునని 1933లో అమెరికాలోని ఆల్విన్ సీల్ ప్రకటించెను. పెంకులను వేరుచేసి, మంచినీట కడిగి, ఆ దినముననే వేయవలెను. ఆలస్యమైన కొలది వానిలోని సారము తగ్గును. రోటిఫరులను ఒక్కసారిగా మానక, కొన్ని దినములు రెండును కలిపి ఈయవలెను. సుమారు రెండు వారములలో తెల్లపట్టెలు కనబడును. పిల్లలు అడుగునకు చేరి పెద్దలవలె ఈదును. పిమ్మట మెత్తని పొడి ఆహారము నలవాటు చేయవచ్చును.

రెండవమారు మేము ఈ క్రమము ననుసరించితిమి. అన్నియు బ్రదుకలేదు, కాని ఇరువది మూడు పిల్లలు పట్టెలు ధరించినవి. ఆ ఉదయమున తొట్టి చుట్టు మూగిన బాలుర ముఖములు మేము మరువలేము.

పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు, పాలను గూర్చియు బలమైన ఆహారమును గూర్చియు చెప్పిన మాట మన మందర మెరుగుదుము. ఉపాధ్యాయులమైన మేము దానిని గాజుతొట్టి యొద్ద మరల నేర్చుకొంటిమి. ఎంత పెట్టితిమని గాక, ఆ చిన్న నోటికి పట్టునా యని ముందుగా చూడవలెను. తల్లిదండ్రులారా, మీ బిడ్డ పాఠము నందుకొనలేకున్నచో మందమతి యని తలంపకుడు. మేము పెట్టిన ముద్ద పెద్దదేమో యని మమ్ము నడుగుడు.