యంత్రం ఉచితం, లోపలి సిస్టమ్ మాత్రం కాదు

విండోస్ నడుస్తున్న కంప్యూటర్‌లోనే, ఉన్నదాన్ని కదపకుండా, పక్కనే లినక్స్‌ను కూడా నడపవచ్చు. దీనికి తోడ్పడేదే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌లోని మెమరీలో కొంత, ప్రాసెసర్ సమయంలో కొంత విడదీసి, ఒక పెద్ద ఫైలును హార్డ్ డిస్క్‌గా చూపించి, లేని కంప్యూటర్‌ను ఉన్నట్టుగా నిలబెడుతుంది. లోపల ఎక్కించిన ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది నిజమైన యంత్రమే. లోపలి సిస్టమ్ పాడైతే, ముందుగా దాచుకున్న కాపీ తెచ్చిపెడితే చాలు. ఐబీఎం తన పెద్ద కంప్యూటర్ల కోసం 1972లోనే వీఎం/370 పేరుతో ఈ పని చేసింది. మామూలు పీసీల మీద వీఎంవేర్ వర్క్‌స్టేషన్ 1999లో వచ్చింది. ఇప్పుడు ఇలాంటి సాఫ్ట్‌వేర్ పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. చిక్కు వచ్చేది ఇక్కడే. యంత్రం ఉచితంగా వచ్చింది కాబట్టి లోపల ఏ సిస్టమ్ ఎక్కించినా ఉచితమేనని చాలామంది అనుకుంటారు. స్థలం ఊరికే దొరికినంత మాత్రాన దానిమీద కట్టే ఇల్లు ఊరికే రాదు. వర్చువల్ మెషీన్ మనకు యంత్రాన్ని ఇస్తుంది కానీ, దానిలో నడిచే సిస్టమ్ మీద హక్కును ఇవ్వదు. అందుకే ఏది ఎక్కించాలో తేల్చుకునే ముందే లైసెన్సు చూడాలంటాను.

ముందు యంత్రాన్ని తయారుచేసే సాఫ్ట్‌వేర్ సంగతి. వర్చువల్‌బాక్స్‌ను జర్మనీకి చెందిన ఇన్నోటెక్ అనే సంస్థ తయారుచేసింది. 2008లో అది సన్ మైక్రోసిస్టమ్స్ చేతికి, 2010లో సన్‌తో పాటు ఒరాకిల్ చేతికి వెళ్లింది. దాని మూల ప్యాకేజీ జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఇంట్లోనైనా, కంపెనీలోనైనా నిక్షేపంగా వాడుకోవచ్చు. అయితే దూరం నుంచి తెర చూడటం, డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడం లాంటి సదుపాయాలు ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అనే వేరే ఫైలులో ఉంటాయి. దాని లైసెన్సు వేరు. సొంత వాడకానికి, చదువుకు, పరీక్షించి చూడటానికి డబ్బు అక్కర్లేదు. వ్యాపారంలో వాడితే మాత్రం ఒరాకిల్ దగ్గర కొనాల్సిందే. రెండూ ఒకే పేజీలో డౌన్‌లోడ్‌కు దొరుకుతాయి కాబట్టి చిన్న ఆఫీసుల్లో ఈ తేడా తేలిగ్గా జారిపోతుంది. ఇక వీఎంవేర్‌ను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొన్నది. సర్వర్ల సాఫ్ట్‌వేర్‌కు శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసి, చందా పద్ధతికి మారింది. అదే కంపెనీ వర్క్‌స్టేషన్ ప్రోను 2024 మేలో సొంత వాడకానికి, నవంబరులో వ్యాపారాలకు కూడా ఉచితం చేసింది. ఒక చేత్తో బిగించి, మరో చేత్తో వదిలిన నిర్ణయాలివి. రెండూ యజమాని ఇష్టం మీద ఆధారపడినవే. ఉచితంగా ఇవ్వడం వేరు, స్వేచ్ఛగా ఇవ్వడం వేరు. జీపీఎల్ కింద ఒకసారి విడుదలైన వెర్షన్‌ను తర్వాత వచ్చిన ఏ యజమానీ వెనక్కి లాక్కోలేడు.

లోపల ఎక్కించే సిస్టమ్‌కు వద్దాం. ఉబుంటు, డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకాలను ఎన్ని వర్చువల్ మెషీన్లలోనైనా పెట్టుకోవచ్చు. అడిగేవారు లేరు. విండోస్ నిబంధన ఇందుకు పూర్తిగా భిన్నం. ఒక లైసెన్సుకు ఒకే కాపీ, ఒకే పరికరం. ఆ పరికరం చేతికి తగిలేదైనా, వర్చువల్‌దైనా లెక్క ఒకటే. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన విండోస్ ఆ ల్యాప్‌టాప్‌కే కట్టుబడి ఉంటుంది. దాని లోపల మరో విండోస్ నడపాలంటే మరో లైసెన్సు కావాలి. ఆపిల్ పద్ధతి ఇంకో రకం. మాక్‌ఓఎస్‌ను ఆపిల్ కంప్యూటర్ మీదే నడపాలి. సాఫ్ట్‌వేర్ తయారీ, పరీక్ష, సొంత వాడకం లాంటి పనులకు, అప్పటికే మాక్‌ఓఎస్ ఉన్న సొంత మాక్‌లో అదనంగా రెండు వర్చువల్ కాపీలకు అనుమతి ఉంది. వేరే కంపెనీ పీసీలో వర్చువల్ మెషీన్ పెట్టి మాక్‌ఓఎస్ ఎక్కించడం సాంకేతికంగా సాధ్యమైనా, లైసెన్సు ఒప్పుకోదు.

లైసెన్సు చూడాలన్న మాటకు వచ్చే మొదటి అభ్యంతరం న్యాయంగానే ఉంటుంది. కంప్యూటర్ ఒకటే, కూర్చున్న మనిషి ఒకరే, విండోస్‌కు ఒకసారి డబ్బు కట్టాం. మళ్లీ ఎందుకు కట్టాలి? సాంకేతికంగా దీనికి జవాబు లేదు, ఎందుకంటే ఇది వ్యాపార నిర్ణయం. విండోస్ విస్టా చరిత్రే రుజువు. 2007లో మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని హోమ్ రకాలను వర్చువల్ మెషీన్లలో వాడకూడదని మైక్రోసాఫ్ట్ నిబంధన పెట్టింది. విమర్శలు వచ్చాక, 2008 జనవరిలో ఎత్తేసింది. ఆ ఏడాది వ్యవధిలో సాఫ్ట్‌వేర్‌లో మారిందేమీ లేదు, కాగితం మీది మాట మారిందంతే. తర్వాత విండోస్ 7 ప్రొఫెషనల్ కొన్నవారికి ఎక్స్‌పీ మోడ్ పేరుతో, లైసెన్సుతో సహా పూర్తి విండోస్ ఎక్స్‌పీని వర్చువల్ మెషీన్‌గా ఇచ్చారు. తలచుకుంటే ఈ హక్కును ధరలో కలిపి ఇవ్వవచ్చని దీంతో తేలింది. కాబట్టి నిబంధన అన్యాయమని గట్టిగా అడగడం సబబే. అడిగితే మారుతుంది కూడా. మారేదాకా మాత్రం మనం ఒప్పుకుని సంతకం పెట్టినట్టు లెక్క.

ఇంట్లో వాడుకుంటుంటే ఎవరు చూడొచ్చారనేది రెండో అభ్యంతరం. నాకు ఇది నచ్చదు. పట్టుబడతామా లేదా అన్నది ఒక్కటే ఇక్కడ ప్రశ్న కాదు. లైసెన్సు లేని విండోస్ కోసం వెతికేవారు చివరికి చేరేది ఎవరు తయారుచేశారో తెలియని క్రాక్ చేసిన ఫైళ్ల దగ్గరికే. అందులో ఏ వైరస్ కలిపారో చూసేదెవరు? అంత అవసరం కూడా లేదు. నేర్చుకోవడానికైతే విండోస్ ఎంటర్‌ప్రైజ్ పరీక్ష కాపీని మైక్రోసాఫ్టే 90 రోజులకు ఇస్తుంది. విడిగా కొన్న రిటైల్ లైసెన్సు ఉంటే, పాత కంప్యూటర్‌లోంచి తీసేసి వర్చువల్ మెషీన్‌కు మార్చుకోవచ్చు. ప్రోగ్రామింగ్, సర్వర్ల నిర్వహణ నేర్చుకునే విద్యార్థికి లినక్స్‌తోనే చాలావరకు పని జరిగిపోతుంది.

తెలుగు డీటీపీ కేంద్రాలకు ఈ విషయం మరింత దగ్గరిది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ చివరి ప్రధాన వెర్షన్ 2001 నాటిది. దానితో, యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో కూర్చిన పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, పత్రికల పాత సంచికలు ఎన్నో డిస్కుల్లో నిలిచి ఉన్నాయి. వాటిని తెరవడానికి పాత విండోస్ కావాలి. పాత కంప్యూటర్లేమో ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. వర్చువల్ మెషీన్ ఇక్కడ నిజంగా ఆదుకుంటుంది. అయితే ఆ పాత కంప్యూటర్‌తో వచ్చిన ఎక్స్‌పీ కాపీ దానికే కట్టుబడినదైతే కొత్త యంత్రంలోకి చట్టబద్ధంగా రాదు. విడిగా కొన్న కాపీయే వస్తుంది. పైగా ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌తో భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి కనుక, ఆ వర్చువల్ మెషీన్‌కు ఇంటర్నెట్ కలపకుండా ఉంచాలి. అలా నడుస్తున్నన్నాళ్లలో చేయాల్సిన అసలు పని, ఆ ఫైళ్లలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోవడం. ఆ పని పూర్తయితే పాత విండోస్‌తోనూ, దాని లైసెన్సుతోనూ ఇక అవసరం ఉండదు.