చందుర్తి యుద్ధం బల్ల మీద: లోహం సిపాయిలా, రెజిన్ సిపాయిలా?

కోస్తా ఆంధ్రలో పిఠాపురం దాటాక గొల్లప్రోలు మండలంలో చందుర్తి వస్తుంది. 1758 డిసెంబరులో అక్కడ ఇంగ్లిషు, ఫ్రెంచి సైన్యాలు తలపడ్డాయి. ఇంగ్లిషు దళపతి కర్నల్ ఫోర్డ్ దగ్గర సుమారు 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు ఉన్నారు. వారికి తోడు విజయనగరం రాజు ఆనందగజపతి బలగం. ఎదుట ఫ్రెంచి దళపతి కాన్‌ఫ్లాన్స్ వెంట సుమారు 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు. అంత సైన్యమున్నా ఫ్రెంచివారే ఓడారు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట కూడా పోగొట్టుకున్నారు. కోస్తా ఆంధ్ర ఎవరి చేతికి వెళ్తుందో తేల్చిన పోరాటాల్లో ఇదొకటి.

ఇలాంటి యుద్ధాలను చిన్న బొమ్మలతో, కొలబద్దతో, పాచికలతో బల్ల మీద మళ్లీ నడిపే ఆట ప్రపంచమంతా ఉంది. ప్రష్యా సైన్యం 1824లోనే ఇలాంటి ఆటతో అధికారులకు శిక్షణ ఇచ్చింది. 1913లో హెచ్.జి.వెల్స్ ‘లిటిల్ వార్స్’ పుస్తకంతో దాన్ని ఇళ్లలోకి తెచ్చాడు. చందుర్తి యుద్ధాన్ని చందుర్తి చుట్టుపక్కల పిల్లలే ఆడుకోవాలి. అందుకు సైన్యం కావాలి. అది లోహంతోనా, రెజిన్ అనే గట్టిపడే ద్రవంతోనా అన్నది లెక్క వేసి తేల్చుకోవచ్చు.

ఎన్ని బొమ్మలు?

50 మందికి ఒక బొమ్మ అనుకుందాం. ఫోర్డ్ వైపు యూరోపియన్లు (9.4ను పైకి సవరిస్తే) 10, సిపాయిలు 38. ఫ్రెంచి వైపు యూరోపియన్లు 10, సిపాయిలు 120. రాజు గారి బలగాన్ని, ఫిరంగులను పక్కన పెట్టినా మొత్తం 178 బొమ్మలు.

ఎంత బరువు?

ఈ ఆటలో ఎక్కువగా వాడే ఎత్తులు రెండు: 28 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్లు. 28 మి.మీ. కాల్బలం బొమ్మ ఒకటి 1.5 ఘన సెంటీమీటర్లు ఉందనుకుందాం. లోహాన్ని తగరమే అనుకుంటే దాని సాంద్రత 7.3. రెజిన్‌ది సుమారు 1.1. అంటే లోహం బొమ్మ 11 గ్రాములు, రెజిన్ బొమ్మ 1.7 గ్రాములు తూగుతాయి. 178 బొమ్మలకు లోహమైతే దాదాపు 2 కిలోలు, రెజిన్ అయితే 300 గ్రాములు.

ఇప్పుడు ఎత్తు తగ్గించి చూడండి. 15 అంటే 28లో సగం కంటే కాస్త ఎక్కువే. కానీ ఎత్తుతో పాటు వెడల్పు, మందం కూడా అదే పాళ్లలో తగ్గుతాయి కాబట్టి బరువు దాదాపు ఆరున్నర రెట్లు పడిపోతుంది. 15 మి.మీ. లోహం బొమ్మ 1.7 గ్రాములే. సైన్యం మొత్తం 300 గ్రాములు. పెద్ద రెజిన్ సైన్యం బరువూ, చిన్న లోహం సైన్యం బరువూ ఒకటే! అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఎత్తు. అది తేలితే పదార్థం సంగతి సగం తేలినట్టే.

ఎంత ఖర్చు?

2024లో ప్రపంచ మార్కెట్లో టన్ను తగరం 30,000 డాలర్ల చుట్టూ తిరిగింది. కిలో రూ.2,500 అనుకుంటే 28 మి.మీ. బొమ్మకు ముడిసరుకే రూ.28, సైన్యానికి రూ.4,900. రెజిన్ లీటరు రూ.2,000 అనుకుందాం. 3డి ప్రింటర్‌లో ముద్రించేటప్పుడు బొమ్మను నిలబెట్టే ఆధారాలకు మరో సగం కలిపినా బొమ్మకు రూ.4.50, సైన్యానికి రూ.800. యంత్రం, అచ్చు, కూలి దీనికి అదనం. బయటి నుంచి తెప్పిస్తే బరువును బట్టి రవాణా ఖర్చు కూడా పెరుగుతుంది.

రెజిన్ ముద్రణలో ఇంకో మేలు ఉంది. సమయం బొమ్మల సంఖ్యను బట్టి కాదు, ఎత్తును బట్టి పడుతుంది. ఆధారాలతో కలిపి 40 మి.మీ. ఎత్తు, పొర మందం 0.05 మి.మీ. అయితే 800 పొరలు. పొరకు 8 సెకన్ల చొప్పున గంటా 47 నిమిషాలు. పళ్లెంలో ఒక బొమ్మ ఉన్నా పన్నెండు ఉన్నా అంతే సమయం. 178 బొమ్మలు 15 విడతల్లో, 27 గంటల్లో పూర్తవుతాయి.

కింద పడితే?

బల్ల మీంచి పడిన లోహం బొమ్మ నేలను ఆరున్నర రెట్లు గట్టిగా తాకుతుంది. రంగు లేస్తుంది, తుపాకీ చివర బాయినెట్ వంగుతుంది. వేళ్లతో మెల్లగా సరిచేస్తే నిలబడుతుంది. రెజిన్ బొమ్మ తేలిక కాబట్టి ఒళ్లంతా బాగానే ఉంటుంది కానీ సన్నటి బాయినెట్ పుటుక్కున విరుగుతుంది. రెజిన్ బొమ్మ చేయి తగిలినా పడిపోయే రకం. హార్డ్‌వేర్ షాపులో దొరికే 20 మి.మీ. ఇనుప వాషర్ సుమారు 3 గ్రాములు ఉంటుంది. దాన్ని కింద అతికిస్తే బరువు దాదాపు మూడు రెట్లవుతుంది, కుదురుగా నిలుస్తుంది.

మన ఎండ, మన కాలువలు

తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఎండ దాన్ని ఏమీ చేయలేదు. చాలా రకాల రెజిన్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలుపెడుతుంది. మే నెలలో అద్దాలు మూసిన కారులో పెట్టి మరిచిపోతే బాయినెట్లన్నీ వంకర్లు పోవచ్చు.

గట్టిపడని రెజిన్‌ను వట్టి చేతులతో ముట్టుకోకూడదు, చర్మానికి ఎలర్జీ వస్తుంది. గ్లవ్స్ తప్పనిసరి, గదికి గాలి ఆడాలి. బొమ్మలు కడిగిన ద్రవాన్ని ఎట్టి పరిస్థితిలోనూ పంట కాలువలో పోయకూడదు. అది చేపలకు విషం.

లోహానికీ ఓ ప్రమాదం ఉంది, సీసం. పాత బొమ్మల్లో సీసం ఎక్కువ. బ్రిటన్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ 1997లో సీసం లేని మిశ్రమానికి మారింది. 2011లో చాలా లోహం బొమ్మలను రెజిన్‌లోకి మార్చింది. పాత బొమ్మ అడుగును తెల్ల కాగితం మీద రుద్దితే బూడిద రంగు గీత పడిందా, సీసం ఉందని అనుమానించి చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి.

మరి ఏది తీసుకోవాలి?

పిల్లలతో ఆడుకోవడానికి, యుద్ధం మొత్తం బల్ల మీద కనిపించడానికి అయితే 15 మి.మీ. సీసం లేని లోహం. బరువు సమస్య లేదు, వంగినా సరిచేసుకోవచ్చు. ముఖ కవళికలు, గుండీలు కనిపించేలా రంగులు వేయాలనే ఆశ ఉంటే 28 మి.మీ. రెజిన్, అడుగున వాషర్. 28 మి.మీ. సైన్యంలో ఏనుగు కావాలంటే మాత్రం రెజినే మేలు. 20 ఘన సెంటీమీటర్ల ఏనుగు లోహంలో 146 గ్రాములు, రెజిన్‌లో 22.

ఏది కొన్నా ముందు ఇంగ్లిషు వైపు సిపాయిలతో మొదలుపెట్టండి, వాళ్లకు ఎర్ర కోట్లు వేయండి. చందుర్తిలో యుద్ధం మలుపు తిరిగింది ఆ రంగు దగ్గరే. ఫోర్డ్ యూరోపియన్ దళం ఎత్తయిన పంట చేను చాటున ఉండిపోయింది. ఎర్ర కోట్ల సిపాయిలను చూసి వాళ్లే ఇంగ్లిషువాళ్లనుకుని ఫ్రెంచివారు మీద పడ్డారు, తరుముకుంటూ వరస చెదిరి ముందుకెళ్లారు. అప్పుడు చేను చాటు నుంచి అసలు దళం బయటికొచ్చింది. ఆ 38 బొమ్మలకు ఎర్ర రంగు సరిగ్గా పడితే, లోహమైనా రెజినైనా, ఆ తప్పు ఎలా జరిగిందో మీ పిల్లలకు బల్ల దగ్గరే అర్థమవుతుంది.