మీకు తెలుసా? ఒక్క గడ్డిపువ్వు ఫొటోలో ఎన్ని ఫొటోలో!

గట్టు మీది గడ్డిపువ్వు ఫొటో. రేకు అంచు నుంచి పుప్పొడి దాకా ఎక్కడా మసక లేదు. అయితే అది ఒక్క ఫొటో కాదు! 20, 30 ఫొటోల దొంతర! ఒక్కోదాంట్లో ఒక్క పొరే స్పష్టం. ఆ స్పష్టమైన ముక్కలన్నీ సాఫ్ట్‌వేర్ ఏరి, ఒకే బొమ్మగా కలిపేస్తుంది. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు!

ఇంత తిప్పలెందుకు? కెమెరాలోని ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద పువ్వు అసలు సైజులోనే పడిందనుకోండి. అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే సందు, ఎఫ్/8 పెడితే స్పష్టంగా వచ్చే లోతెంతో తెలుసా? దాదాపు 1 మిల్లీమీటరు! ఏటీఎం కార్డు మందం కన్నా రవ్వంత ఎక్కువ, అంతే! కేసరం తేటగా వస్తే రేకు మసక. రేకు తేటగా వస్తే కేసరం మసక!

అపర్చర్ ఇంకా మూసేస్తే పోలా? అదే తిరకాసు! ఎఫ్/22 దాకా మూస్తే లోతు పెరుగుతుంది, నిజమే. కానీ ఇరుకు సందులోంచి వచ్చే వెలుగు చెదురుతుంది. ఫొటో మొత్తం పదును పోతుంది!

ఇప్పుడు గడ్డి చామంతిని చూడండి. గాయపాకు అంటామే, దెబ్బ తగిలితే పసరు పిండుకునేదే! అది ఒక పువ్వు కానే కాదు. పూలగుంపు! చుట్టూ రేకుల్లా ఉన్నవి మామూలుగా 5. ఒక్కో రేకూ ఒక్కో పువ్వే! మరి మధ్యలో ఆ పసుపు బొడిపెలు? అవీ పూలే! ఒక్కోటీ విడిగా విచ్చుకుంటుంది. రోజూ తొక్కుకుంటూ పోయే మొక్కలో ఇంత ఉంది! పొరలు పేర్చిన ఫొటోలో వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు.

విష్ణుక్రాంత తెలుసుగా? వినాయక చవితి పత్రిలో ఉండేదే! ఆ బుల్లి నీలం పువ్వు నడుమ సన్నటి కాడలు రెండు. ఒక్కోటీ మళ్లీ రెండుగా చీలుతుంది. మొత్తం 4 కొసలు! మామూలు చూపుకు ఆనవు, ఇలాంటి ఫొటోలో తేటగా కనిపిస్తాయి!

పొరపొరకీ ఫోకస్ చేత్తో తిప్పాలా? అక్కర్లేదు! నికాన్ డి850 లాంటి కెమెరాలో ఒక్కసారి మొదలుపెడితే చాలు. ఫోకస్ తనంతట తానే జరుపుకుంటూ 300 ఫొటోల దాకా తీసేస్తుంది!

ఈలోగా పువ్వు మీద చీమ నడిచిందా? చిక్కే! ఉన్నది 1 చీమ, ఫొటోలో బోలెడు చీమలు కనిపించొచ్చు! గాలి వీచినా ఇదే తంటా. అందుకే తెల్లవారుజామున, ఆకు కదలని వేళ తీస్తారు.

అంగారకుడి మీద కూడా ఈ ఫోకస్ స్టాకింగ్ కిటుకే! 2022 ఫిబ్రవరిలో నాసా క్యూరియాసిటీ రోవర్ అక్కడో 'పువ్వు'ను ఫొటో తీసింది. అమెరికా పెన్నీ నాణెం కన్నా చిన్నది. రేకులు విప్పుకున్న పువ్వు ఆకారంలో గట్టిపడిన ఖనిజమది! పొరలు కలిపే పని కూడా రోవర్ కెమెరా అక్కడికక్కడే చేసేసింది. తర్వాతే బొమ్మ భూమికి వచ్చింది!